లైను కలిస్తే పరీక్ష అయిపోయినట్టేనా?

హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు కోదండాపూర్, నాసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణం చేస్తాయి. దారిలో ఎక్కడికక్కడ పంపులు ఎత్తిపోస్తుంటేనే అవి నగరం దాకా వస్తాయి. ఏ ఎత్తిపోతల పథకమైనా, ఊరి బయట తుమ్మచెట్ల మధ్య ఉండే ఏ సబ్‌స్టేషనైనా అంతే. ఎక్కడో ఉన్న మోటారు తిరుగుతోందా, ట్యాంకులో నీళ్లు ఎంత మట్టానికి వచ్చాయి, బ్రేకరు పడిపోయిందా అన్నది కంట్రోల్ రూములో కూర్చున్న మనిషికి తెలియాలంటే మధ్యలో తీగో రేడియోనో సిమ్ కార్డో ఉండాలి. ప్రపంచమంతటా దశాబ్దాల పాటు ఈ పని చేసిపెట్టింది మామూలు టెలిఫోన్ లైను, దాని రెండు కొసలా కూర్చున్న మోడెం. ఇప్పుడు చాలాచోట్ల దాని స్థానంలోకి వేరే పెట్టెలు వచ్చాయి గానీ, వాటిని పని అప్పగింత రోజున పరీక్షించే తీరు మాత్రం మారలేదు. కాంట్రాక్టరు మనిషి ల్యాప్‌టాప్ తెరుస్తాడు, అవతలి వైపు నుంచి జవాబు వస్తుంది, తెర మీద పచ్చ గుర్తు వెలుగుతుంది, కమ్యూనికేషన్ లింకు ఏర్పాటు చేసి పరీక్షించడమైనదని ఫైల్లో ఒక వాక్యం చేరుతుంది. నా అభ్యంతరమల్లా ఆ వాక్యం మీదే. లైను కలవడం పరీక్ష కాదు. తెగినప్పుడు ఆ పెట్టె ఏం చేస్తుంది, తనంతట తాను ఎలా లేస్తుంది, తెగిన సంగతి మనకు ఎంతసేపట్లో తెలుస్తుంది అన్నవి చూడటం పరీక్ష. ఆ మూడూ చూడకుండా బిల్లు పాస్ చేయడమంటే ప్రజల సొమ్ముతో మమ అనిపించడమే.

ఎందుకింత పట్టింపు అంటే ముందు ఆ పెట్టె సంగతి తెలియాలి. ఒకప్పుడు ఇళ్లలో కీచుమంటూ ఇంటర్నెట్ కలిపిన మోడెం, పంప్ హౌస్ ప్యానెల్లో బిగించే మోడెం మూలంలో ఒకటే పని చేస్తాయి. టెలిఫోన్ లైను మనిషి గొంతు కోసం పుట్టింది. 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాలను మాత్రమే సరిగ్గా మోస్తుంది. అంకెలను ఆ ఇరుకులో పట్టే శబ్దాలుగా మార్చి పంపడం, అవతల మళ్లీ అంకెలుగా విడదీయడం మోడెం పని. పరిశ్రమల కోసం చేసింది 24 వోల్టుల డీసీ మీద నడుస్తుంది, ప్యానెల్ లోపలి పట్టీకి బిగుస్తుంది, మే నెలలో ఇనప పెట్టె లోపల పుట్టే వేడినీ తట్టుకుంటుంది. వీటన్నిటికంటే పెద్ద తేడా ఒకటుంది: దాని పక్కన మనిషి ఉండడు. ఇంట్లో మోడెం మొరాయిస్తే ప్లగ్గు పీకి మళ్లీ పెడతాం, దారికొస్తుంది. నలభై కిలోమీటర్ల అవతల తాళం వేసిన గదిలో ఉన్నదానికి ఆ చిన్న ఉపకారం చేయాలంటే ఒక జీపు, ఒక డ్రైవరు, వానాకాలమైతే దాటడానికి వీలున్న వాగు కావాలి. కాబట్టి పని చేస్తుందా అన్న ప్రశ్నతో పాటు, ఎవరూ ముట్టుకోకుండా ఎన్నాళ్లు పని చేస్తుంది అన్న ప్రశ్న వేయాలి. మొదటిదానికి జవాబు ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. రెండోదానికి దొరకాలంటే దాన్ని కాస్త ఇబ్బంది పెట్టాలి.

ఎలా ఇబ్బంది పెట్టాలో ఒక ఉదాహరణతో చెబుతాను. 1981లో అమెరికాలో హేస్ కంపెనీ తెచ్చిన స్మార్ట్‌మోడెం, కంప్యూటరు నుంచి ఏటీ అనే రెండక్షరాలతో మొదలయ్యే ఆదేశాలు తీసుకునేది. ఆ పద్ధతి ఎంతగా పాతుకుపోయిందంటే, నేటి సిమ్ కార్డు మోడెంలు కూడా ఏటీ అంటేనే పలుకుతాయి. ఫోను మోగితే దానంతట అదే ఎత్తాలంటే ఎస్ సున్నా అనే గడిలో ఎన్నో మోతకు ఎత్తాలో అంకె రాయాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అక్కడ చాలా మోడెంలలో సున్నా ఉంటుంది, అంటే ఎత్తవద్దని. బిగించడానికి వచ్చిన కుర్రాడు అక్కడ 1 వేస్తాడు, కంట్రోల్ రూము నుంచి ఫోను చేయిస్తాడు, మోడెం ఎత్తుతుంది, అందరికీ సంతోషం. కానీ ఆ అంకెను మోడెం శాశ్వత జ్ఞాపకంలోకి ఎక్కించడానికి ఇంకో ఆదేశం విడిగా ఇవ్వాలి. అది మరిచిపోతే, కరెంటు ఉన్నంతసేపూ లోటేమీ కనిపించదు. ఎప్పుడో గాలివానకు కరెంటు పోయి వస్తుంది, మోడెం తిరిగి ఫ్యాక్టరీ అలవాటులోకి జారుకుంటుంది. ఇక ఎన్నిసార్లు ఫోను చేసినా మోగుతూనే ఉంటుంది, ఎత్తే దిక్కుండదు. పరికరం చెడలేదు, లైను తెగలేదు, కాంట్రాక్టరు చూపించిన పరీక్షలో అబద్ధమూ లేదు. పరీక్ష మధ్యలో ఒక్కసారి స్విచ్చి కట్టేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ వేసి, ఏమీ ముట్టుకోకుండా ఫోను చేయించి ఉంటే ఈ లోపం అక్కడికక్కడే బయటపడేది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష తప్పనిసరి అని రాసి ఉండాల్సింది టెండరు కాగితంలోనే.

లైను విషయంలోనూ ఇలాంటివే. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే రాగి జతకు మల్టీమీటరు పెడితే ఫోను పెట్టేసి ఉన్నప్పుడు 48 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తుంది, ఎత్తగానే పది వోల్టుల చుట్టుపక్కలకు పడిపోతుంది. ఎత్తకముందే వోల్టేజీ బాగా తక్కువగా ఉందంటే ఎక్కడో తడి చేరిందనో, లేదా ఆ గదిలోనే ఎవరో అదే లైనుకు ఇంకో ఫోను తగిలించి ఎత్తి ఉంచారనో అనుమానించాలి. ఈ రెండోది మనవాళ్లకు బాగా అలవాటు. ఖాళీగా పడున్న లైను కదా అని వాచ్‌మన్ గదిలోకి ఒక తీగ లాగుతారు. మోడెం మాట్లాడుతుండగా అక్కడ రిసీవరు ఎత్తితే మాట తెగుతుంది. ఇంకో చిక్కు డయల్ టోన్‌తో. మన దేశంలో వినిపించేది 400 హెర్ట్జ్ శబ్దాన్ని 25 హెర్ట్జ్‌తో ఊపితే వచ్చే టోను. అమెరికాలో 350, 440 హెర్ట్జ్‌లు కలిసి మోగుతాయి. అక్కడి అలవాటుతో తయారైన మోడెం మన టోను విని డయల్ టోన్ లేదని తీర్మానించుకోగలదు, నంబరు తిప్పకుండానే ఊరుకోగలదు. టోను కోసం చూడకుండా డయల్ చేయమనే ఆదేశం ఉంది గానీ, ఆ అవసరం ఉందని తెలియాలంటే మోడెం చేత బయటికి ఫోను చేయించి చూడాలి. మామూలుగా చూపించే పరీక్షలో ఫోను చేసేది కంట్రోల్ రూము, ఎత్తేది మోడెం. ప్రమాదం వచ్చిన రాత్రి జరగాల్సింది దానికి తలకిందులు: మోడెమే కంట్రోల్ రూముకు ఫోను చేసి ట్యాంకు పొర్లుతోందని చెప్పాలి. బిల్లు కట్టని ఆఫీసు ఫోనుకు ముందు బయటికి వెళ్లే కాల్స్ ఆపేసి, లోపలికి వచ్చేవి కొన్నాళ్లు ఉంచడం మనకు తెలిసిన సంగతే. అలాంటి లైను మీద కంట్రోల్ రూము చేసే పలకరింపులన్నీ చక్కగా నడుస్తాయి, అలారం ఒక్కటే చేరదు. రెండు దిక్కులా చూడనిది సగం పరీక్ష కూడా కాదు.

కలిసినా మాట నడవకపోవడం మరో రకం. పరిశ్రమల్లో యంత్రాలు మాట్లాడుకునే భాషల్లో విస్తారంగా వాడేది మోడ్‌బస్. 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చింది. దాని సీరియల్ రూపంలో ఒక్కో అక్షరం, తప్పు పట్టే గుర్తుతో కలిపి, 11 బిట్లు. సాధారణ టెలిఫోన్ మోడెంలు చాలావాటికి 10 బిట్ల అక్షరమే తెలుసు. పైగా మోడ్‌బస్‌లో ఒక సందేశం ముగిసిందనడానికి గుర్తు మాట కాదు, మౌనం: మూడున్నర అక్షరాల కాలం నిశ్శబ్దం ఉంటే అయిపోయిందని అర్థం. మోడెం తప్పులు సరిదిద్దే పద్ధతి పెట్టుకుంటే డేటాను కట్టలు కట్టి పంపుతుంది, కట్టకూ కట్టకూ మధ్య చిన్న విరామం వస్తుంది. అవతలి యంత్రం ఆ విరామాన్నే సందేశం ముగింపుగా తీసుకుని మిగతా సగాన్ని పారేస్తుంది. నాణ్యత కోసం పెట్టిన సదుపాయమే మాట మధ్యలో నరికేస్తుందన్నమాట. ఈ గొడవంతా జరుగుతున్నా మోడెం ముఖాన దీపం వెలుగుతూనే ఉంటుంది. తన వరకు లైను కలిసింది మరి. చిన్న సందేశంతో పరీక్షిస్తే ఒక్క కట్టలో పట్టేసి దాటిపోతుంది కూడా. రోజూ నడిచే పెద్ద సందేశాన్నే, రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌తోనే, అలారాలన్నీ ఒక్కసారి వచ్చిపడే సందర్భం కల్పించి పంపితే తప్ప ఈ తప్పు దొరకదు. స్పీడు మీద మోజు గురించి కూడా ఇక్కడే ఒక మాట. ఎక్కువ స్పీడు రాసి ఉన్న పరికరమే గొప్పదని టెండర్లలో పాయింట్లు వేస్తుంటారు. పాతబడిన రాగి తీగ మీద సెకనుకు 33,600 బిట్ల కోసం రెండు మోడెంలు కుస్తీపట్టే లోపల, 1200 బిట్ల దగ్గర కట్టిపడేసిన మోడెం చెప్పాల్సిన నాలుగు అంకెలు చెప్పి ఫోను పెట్టేస్తుంది. నీటి మట్టం చెప్పడానికి సినిమా చూపించేంత వేగం దేనికి?

ఇంజినీర్లకు ఈ పరీక్షలు కొత్త కాదు. అంతర్జాతీయ టెలిఫోన్ ప్రమాణాల్లో వీ.54 అనే పత్రం మోడెంను ముక్కలుగా పరీక్షించే దారి ఎప్పుడో చెప్పింది. పంపిన డేటాను మన మోడెంలోనే వెనక్కి తిప్పి చూడవచ్చు, అవతలి మోడెం దాకా పంపి అక్కణ్నుంచి తిప్పించి చూడవచ్చు. ఎన్ని బిట్లకు ఎన్ని తప్పులొచ్చాయో లెక్క తీయవచ్చు. తప్పు ఇటుందా, అటుందా, మధ్య లైనులో ఉందా అన్నది తేల్చడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. కాకపోతే ఈ పరీక్షలు చెప్పేది లైను సంగతి మాత్రమే. ఆ లైనులోకి వచ్చే అంకె నిజమో కాదో వాటికి పట్టదు. ఫోనుతో మోటారు వేసే స్టార్టర్లు మన రైతులకు ఇప్పుడు మామూలే. మోటారు ఆన్ అయిందని ఫోను చెప్పినంత మాత్రాన రైతు నమ్మి పడుకోడు. కొత్తగా పెట్టించినప్పుడు ఒకరిని బోరు దగ్గర నిలబెట్టి, పైపులోంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూడమంటాడు. కోట్ల పథకాల అప్పగింతలో కరువైంది ఆ ఇంగితమే.

అది కరువైతే ఏమవుతుందో 2005 డిసెంబరు 14 తెల్లవారుజామున అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో తెలిసింది. టామ్ సాక్ అనే చోట కొండ మీద కట్టిన జలాశయంలోకి రాత్రిళ్లు కింది నుంచి నీళ్లు తోడి, పగలు వదిలి కరెంటు తీస్తారు. పైన మట్టం ఎంతుందో చెప్పే గేజీల పైపులు బిగించిన చోటు నుంచి ఊడి వంకరపోయాయి. అసలు మట్టం కంటే తక్కువ చూపించడం మొదలైంది. అది చెడితే కాపాడాల్సిన అత్యవసర సెన్సర్లను, గోడలో బాగా కుంగిన చోటి అంచు కంటే ఎత్తున పెట్టారు. అంటే నీళ్లు గోడ పొర్లాకే గానీ అవి తడవవు. పంపులు ఆగలేదు, నీళ్లు పొర్లాయి, గట్టు తెగింది, వంద కోట్ల గ్యాలన్లకు పైగా నీరు దాదాపు అరగంటలో కొండ దిగింది. దిగువన పార్కు అధికారి కుటుంబం, చిన్నపిల్లలతో సహా, కొట్టుకుపోయి ప్రాణాలతో బయటపడింది. చలికాలం కాబట్టి పార్కులో జనం లేరు. అక్కడ అంకెలను మోసుకొచ్చే వ్యవస్థ తనకిచ్చిన అంకెను నమ్మకంగా మోసుకొచ్చింది; ఆ అంకే తప్పు. జలాశయంలో కొలబద్ద దగ్గర మనిషి నిలబడి చదివిన మట్టానికీ కంట్రోల్ రూము తెర మీది మట్టానికీ పొంతన చూడటం, అత్యవసర సెన్సరును నిజంగా తడిపి పంపు ఆగుతుందో లేదో చూడటం లేకపోతే, లైను పరీక్ష ఎంత శాస్త్రోక్తంగా చేసినా ఒరిగేది లేదు.

తప్పుడు అంకె కంటే ప్రమాదకరమైనది మౌనం. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలోని ఒంటారియోలో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలో ఫస్ట్‌ఎనర్జీ సంస్థ కంట్రోల్ రూములో అలారాలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ మధ్యాహ్నం రెండుంపావు ప్రాంతంలో చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. హైటెన్షన్ లైన్లు ఒకదాని తర్వాత ఒకటి పడిపోతుంటే ఆపరేటర్ల ముందున్న తెర ప్రశాంతంగా ఉంది. పక్క సంస్థల వాళ్లు ఫోన్లు చేసి మీ లైను పడిపోయిందట కదా అని అడుగుతున్నా, తెర ఏమీ చెప్పడం లేదు కాబట్టి వెంటనే నమ్మలేకపోయారు. సాయంత్రం నాలుగు దాటేసరికి అంతా చేయిదాటిపోయింది. ఆ ఆపరేటర్లు చేతకానివారని కాదు. అలారం రాకపోవడానికి రెండు అర్థాలున్నాయని వాళ్లకిచ్చిన వ్యవస్థ చెప్పలేదు. ఏదైనా జరిగితేనే ఫోను చేయమని నేర్పిన మోడెం విషయంలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. నెల రోజులుగా అది ఫోను చేయలేదంటే అంతా బాగుందని అర్థం కావచ్చు, ఎలకలు తీగ కొరికాయనీ కావచ్చు. దీనికి మందు కష్టమైనదేమీ కాదు: పని ఉన్నా లేకపోయినా రోజూ ఫలానా వేళకు ఫోను చేసి బతికే ఉన్నానని చెప్పేలా పెట్టాలి, ఆ వేళకు ఫోను రాకపోతే కంట్రోల్ రూములో గంట మోగాలి. ఆ గంట మోగుతుందో లేదో అప్పగింత రోజున తీగ పీకి చూడాలి. తీగ పీకిన క్షణం, గంట మోగిన క్షణం, రెండూ గడియారం చూసి రాసుకుంటే ఆ వ్యవస్థ అసలు విలువ ఎంతో తెలిసిపోతుంది. మధ్యలో ఆరు గంటలు గడిస్తే, వరద కాలంలో ఆ లింకు ఉన్నా లేనట్టే.

ఇక్కడ సహజంగా వచ్చే ప్రశ్న: రాగి తీగల కాలం పోయింది, ఇంకా ఈ మోడెం గోల ఎందుకు? నిజమే, పోతోంది. బ్రిటన్ పాత టెలిఫోన్ వ్యవస్థను 2025 చివరికే కట్టేయాలనుకుని, గడువును 2027 జనవరి 31కి జరుపుకుంది. జరపడానికి దారితీసిన కారణాల్లో ఒకటి మన చర్చకు సూటిగా తగులుతుంది. అక్కడ ఒంటరి వృద్ధుల ఇళ్లలో మెడలో వేసుకునే అలారం బొత్తాములుంటాయి. నొక్కితే టెలిఫోన్ లైను ద్వారా సహాయ కేంద్రానికి కబురు వెళ్తుంది. లైన్లను కొత్త పద్ధతికి మార్చాక కొన్ని ఇళ్లలో అవి పలకలేదు, తీవ్రమైన ఘటనలు జరిగాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం జోక్యం చేసుకుని బలవంతపు మార్పిడిని ఆపించింది. కారణాలు సాంకేతికంగా మామూలువే. రాగి లైనుకు కరెంటు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి వస్తుంది. ఫైబర్ పెట్టెకు మన గదిలోని ప్లగ్గే ఆధారం, అది పోతే ఫోనూ పోతుంది. ఫైబర్ మీద గొంతు డేటా ముక్కలుగా ప్రయాణిస్తుంది. మనిషి మాట అర్థమయ్యేలా పిండి పంపే పద్ధతుల్లో మోడెం శబ్దాలు పాడైపోతాయి. మన దగ్గరా ల్యాండ్‌లైన్లు రాగి నుంచి ఫైబర్‌లోకి మారుతున్నాయి. నంబరు అదే, సాకెట్టు అదే, చెవికి వినిపించే టోనూ అదే కాబట్టి వెనక ఉన్న పరికరాన్ని మళ్లీ పరీక్షించాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవచ్చు. పాత పరికరం మీద నేను చేస్తున్న వాదన పాతదాన్ని కాపాడమని కాదు. దారి మారిన ప్రతిసారీ పరీక్ష మొదటి నుంచి చేయమని. సిమ్ కార్డు రూటరుకైనా ఇదే వర్తిస్తుంది. దాని రీచార్జి గడువు ముగుస్తుంది, టవరు డీజిల్ అయిపోతుంది, 2జీ కట్టేస్తే అందులోనే మాట్లాడగలిగే పెట్టె మూగబోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటూ సెల్ ఫోన్లూ కలిసే పోయాయి. ఒకే టవరు మీద ఆధారపడిన రెండు సిమ్‌లను రెండు దారులని కాగితం మీద చూపించడం మనవాళ్లకు చేతనైన విద్య. టవరు ఆగితే రెండూ ఆగుతాయా అని చూసే పరీక్ష దాన్ని చిటికెలో బయటపెడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఎవరు ఫోను చేసినా ఎత్తే పెట్టెను పంప్ హౌస్‌లో పెట్టడమంటే దొంగకు తలుపు తీసి పెట్టడం కాదా? అవును, అలాంటి తలుపులోంచి దూరినవాళ్లున్నారు. 1997 మార్చి 10న అమెరికాలోని వూస్టర్‌లో ఒక టీనేజి కుర్రాడు, టెలిఫోన్ కంపెనీ తన సిబ్బంది మరమ్మతుల కోసం పెట్టుకున్న మోడెంలోకి ఇంటి నుంచే ఫోను చేసి చొరబడి పరికరాన్ని ఆపేశాడు. అక్కడి విమానాశ్రయం టవరుకు దాదాపు ఆరు గంటలు ఫోన్లు లేవు. దిగే విమానాలు రన్‌వే దీపాలు వెలిగించుకునే ఏర్పాటూ పోయింది. అయితే ఈ భయం నా వాదనను బలహీనపరచదు, బలపరుస్తుంది. నంబరు రహస్యంగా ఉంది కదా అన్న భరోసా పరీక్ష ముందు నిలవదు. తెలియని నంబరు నుంచి ఫోను చేసి చూడాలి, ఫ్యాక్టరీ పాస్‌వర్డు కొట్టి చూడాలి; మోడెం ఫోను పెట్టేసి, తనకు ముందే చెప్పి ఉంచిన నంబరుకే తిరిగి చేస్తుందా, ఆ ప్రయత్నం ఎక్కడైనా నమోదైందా అని చూడాలి. కంపెనీ మనిషి మరమ్మతుకు అడిగినప్పుడే మోడెంకు కరెంటిచ్చే తాళం స్విచ్చి పెడితే మరీ మంచిది; కాకపోతే అలారం మోసే లైను వేరేగా ఉండాలి. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు తీసేసిన దాడిలో, సబ్‌స్టేషన్లలోని సమాచార పరికరాల లోపలి ప్రోగ్రామునే చెరిపేశారు. కొన్ని గంటల్లో కరెంటు తిరిగి వచ్చిందంటే, సిబ్బంది సబ్‌స్టేషన్లకు స్వయంగా వెళ్లి చేత్తో బ్రేకర్లు వేయగలిగారు కాబట్టి. లింకు పూర్తిగా చచ్చిపోతే చేత్తో నడపగలమా అన్నదీ పరీక్షలో భాగమే. మన దగ్గర ఆటోమేషన్ వచ్చింది కదా అని ఆపరేటరు పోస్టు ఎత్తేస్తున్న చోట ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అడిగితే ఇబ్బంది.

నడుస్తున్న నీటి సరఫరాను, కరెంటును పరీక్ష పేరుతో ఎవరు ఆపుతారు, బాధ్యత ఎవరిది అని అధికారులు అడగవచ్చు. అడగాల్సిందే. కానీ తీగ పీకడం, స్విచ్చి ఆర్పడం కొత్త పథకం అప్పగింతకు ముందే చేసేస్తే ఆగేదేమీ ఉండదు. తర్వాత ఏడాదికోసారి చేసేటప్పుడు వాడకం తక్కువుండే వేళ, ముందే చెప్పి, అక్కడ మనిషిని నిలబెట్టి చేయవచ్చు. మనం పెట్టుకున్న ముహూర్తానికి తెగే తీగ కంటే, వరదొచ్చిన రాత్రి దాని ముహూర్తానికి అది తెగితేనే నష్టం. ఖర్చు ఎక్కువవుతుందన్న మాట మాత్రం ఒప్పుకోను. మల్టీమీటరు, ఒక స్టాప్ వాచీ, రెండు కొసలా ఇద్దరు మనుషులు, ఒక రోజు పని. ఏ ప్యానెల్ ఖరీదులోనైనా ఇది లెక్కకు రాదు. అసలు అడ్డంకి ఖర్చు కాదు, గడువు. మార్చి 31లోపు బిల్లు పడాలన్న తొందరలో పరీక్ష అనేది ప్రారంభోత్సవానికి ముందు రోజు సాయంత్రం జరిగే తంతుగా మిగిలిపోతుంది.

పరీక్ష ఎవరి ముందు జరగాలన్నది కూడా చిన్న విషయం కాదు. రాష్ట్ర విభజన తర్వాత కృష్ణా నీళ్ల లెక్క తేల్చడానికి కృష్ణా బోర్డు ఆధ్వర్యంలో టెలీమెట్రీ పెడితే, పోతిరెడ్డిపాడు లాంటి చోట్ల ఆ అంకెల మీదే రెండు రాష్ట్రాలూ వాదులాడుకున్నాయి. యంత్రం చెప్పిన అంకెను ఇద్దరూ ఒప్పుకోవాలంటే, దాన్ని ఇద్దరి కళ్ల ముందూ కొలిచి, తప్పించి, తిరిగి నిలబెట్టి చూపించి ఉండాలి. పద్ధతి మీద ముందే సంతకాలు పడి ఉండాలి. ఊళ్లో మంచినీటి పథకానికి రెండు రాష్ట్రాలు లేకపోయినా కాంట్రాక్టరు, శాఖ అనే రెండు పక్షాలున్నాయి. రాత్రి డ్యూటీ ఆపరేటరు మూడో పక్షం. నష్టపోయేది అతనే, పరీక్ష రోజున పిలవనిదీ అతన్నే. అలారం వచ్చిందని ఏఈ ముందు ల్యాప్‌టాప్‌లో చూపిస్తే చాలదు. ఆ ఆపరేటరు తన కుర్చీలో కూర్చుని, తన తెర మీద, తనకు తెలిసిన తెలుగులో ఆ అలారం చదివి, ఏం చేయాలో చేసి చూపించాలి. ఎం-బుక్‌లో కొలతలకు సంతకం ఎలా ఉందో, ఆ పరీక్ష పుస్తకంలో అతని సంతకం అలా ఉండాలి. పుస్తకం ఒక ప్రతి పంప్ హౌస్‌లోనే ఉండాలి. కంపెనీ మనిషి ల్యాప్‌టాప్‌తో పాటు మోడెం సెట్టింగులు కూడా ఊరు దాటిపోయే పరిస్థితి ఇకనైనా పోవాలి. బిల్లులో కొంత భాగాన్ని ఒక వానాకాలం గడిచేదాకా ఆపి ఉంచాలి, ఎందుకంటే పిడుగులకు, తడికి, ఎర్తింగ్ లోపాలకు ఫిబ్రవరిలో చేసే ఏ పరీక్షా సాటిరాదు.

ఇక గ్యారంటీ గడువు ముగిశాక ఏమిటన్నది టెండర్లలో ఖాళీగా వదిలేసే గడి. కాంట్రాక్టరు వెళ్లిపోయిన మరుసటి నెల ఆ లైను బిల్లు, ఆ సిమ్ రీచార్జి ఎవరు కట్టాలి, ఏ పద్దు కింద రాయాలి? కరెంటు చార్జీల పద్దులోనా, ఆఫీసు ఖర్చుల్లోనా? ఏ పద్దులోనూ లేనిది ఎవరి పనీ కాదు. కొన్ని వందల రూపాయల ఆ రీచార్జి దగ్గర ఆగిపోయే పథకానికి కోట్ల ఖర్చుతో కంట్రోల్ రూము కట్టడం మనకు తెలియనిది కాదు. మోడెం పేరు, మోడలు, స్పీడు అడిగే టెండరు పత్రంలోనే ఆ పద్దు నంబరు, ఏడాదికోసారి తీగ పీకి పరీక్షించే బాధ్యత ఏ హోదా అధికారిదో కూడా రాయించాలి. ఆ రెండూ ఖాళీగా ఉన్న అంచనాను ఆర్థిక శాఖ వెనక్కి పంపితే, పంపిన మొదటి నెలలోనే ఎన్ని లింకులు నిజంగా బతికున్నాయో వెతికే పని ప్రతి జిల్లాలోనూ మొదలవుతుంది.